కుళాయి పక్క గుట్ట

"ఆ మెట్లు నా రాయివల్లే కూలాయి అల్లుడుగారూ. తప్పు నాది. మీరింక శ్రమ పడకండి," అన్నారు మావగారు, టీలో పంచదార కాస్త ఎక్కువైందని చెప్పినంత మామూలుగా.

డిటెక్టివ్ బల్లమీద పెట్టిన కాంక్రీటు ముక్క వంక, దాని అవతల చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్న పెద్దమనిషి వంక మార్చి మార్చి చూశాడు. నిన్న పొద్దుటిదాకా ఆ ముక్క ఒక కొత్త బడిలో మేడమెట్టు. కింద ఆనించిన చెక్కలూ గుంజలూ విప్పుతుండగానే మెట్ల వరస మొత్తం విరిగి కిందపడింది. సెంట్రింగ్ మేస్త్రి కాలు విరిగింది. పిల్లలు ఇంకా చేరని బడి కాబట్టి అంతటితో పోయింది.

ఇప్పుడు అందరిదీ ఒకటే మాట. పాత ఇళ్ళు పగలగొట్టిన చెత్త పోసి కొత్త బడి కడితే కూలక ఏం చేస్తుంది అని. వాళ్ళు చెత్త అంటున్నది మావగారి జీవితం. కూల్చేసిన భవనాల కాంక్రీటు పెళ్ళలన్నీ ఈ యార్డుకే వస్తాయి. వాటిని క్రషర్‌లో నలగ్గొట్టి, అయస్కాంతంతో ఇనుము లాగేసి, బెల్టు మీద మనుషులచేత చెక్కపేళ్ళూ తెల్లటి పూత పెళ్ళలూ ఏరించి, కడిగి, మళ్ళీ కట్టుబడికి పనికొచ్చే రాయిగా పంపిస్తారు. కొండల్ని తొలిచింది చాలు, ఊళ్ళోనే బోలెడంత కొండ కట్టి పెట్టాం, పాతబడ్డాక దాన్నే వాడుకుందాం అని పదిమందికీ చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. వినేవాళ్ళు తలూపేవాళ్ళు, వెళ్ళి కొండరాయే కొనుక్కునేవాళ్ళు. ఇన్నాళ్ళకు ఆ బడివాళ్ళు నమ్మారు. ఆ రాయితో లేచిన మొదటి భవనం అదే.

సాయంత్రంలోగా అసలు సంగతి తేలకపోతే యార్డుకు సీలు, మావగారికి స్టేషను. ఆ సీలు పట్టుకొస్తున్నవాడు ఎవడో పరాయివాడైతే మన డిటెక్టివ్‌కు ఇంత తలనొప్పి ఉండేది కాదు. వస్తున్న ఇన్‌స్పెక్టరు మావగారి చిన్నల్లుడు. అంటే పెద్దల్లుడైన డిటెక్టివ్‌కు సాక్షాత్తూ తోడల్లుడు.

"మావయ్యా, మెట్లకి రాయి ఎత్తించింది ఎవరు?"

"నేనే. దగ్గరుండి ఎత్తించాను."

"దగ్గరుండి?"

"ఎదురుగా నిలబడి, నా కళ్ళతో చూసి మరీ."

"ఏ కంటితో?"

మావగారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు.

"ఆ రోజు మీ కంటికి శుక్లం ఆపరేషనై ఇంకా కట్టు విప్పలేదు. రెండో కన్ను సంగతి సరేసరి. మా ఇంట్లో, మా సోఫాలో పడుకుని, రేడియో పెట్టమని, పెడితే గొంతు తగ్గించమని, తగ్గిస్తే వినపడటం లేదని మీ అమ్మాయి ప్రాణం తీస్తున్నారు," అన్నాడు డిటెక్టివ్.

"అయితే ఫోన్‌లో చెప్పి ఉంటాను. ఒక గుట్ట చెప్పబోయి ఇంకో గుట్ట చెప్పాను. వయసు మీద పడింది కదండీ."

"ఆ ఫోను మీ చెవి దగ్గర పట్టుకున్నవాణ్ణి నేనే. ఎప్పట్లాగే కుళాయి పక్క గుట్టలోంచి ఎత్తు బాబూ అన్నారు. కుళాయి పక్కది కట్టుబడి గుట్టే కదా? బంగారంలాంటి రాయి కదా?"

మావగారు కిటికీ వైపు చూడబోయి, మధ్యలో ఆగి, తన గోళ్ళ వంక చూసుకున్నారు. డిటెక్టివ్ అది గమనించాడు గాని అర్థం కాలేదు. ఈ మనిషి అబద్ధమాడటం అతను పెళ్ళయినప్పటినుంచీ ఒక్కసారే చూశాడు. భార్యకు జ్వరమొచ్చిన రోజు డిటెక్టివ్ వండిపెట్టిన సాంబారు లాంటి పదార్థాన్ని బాగుందని రెండోసారి వడ్డించుకున్నారాయన. అప్పుడూ ఇలాగే గోళ్ళు చూసుకున్నారు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, నాన్న భోంచేశారా?"

"చేస్తారు."

"చేస్తారు కాదు, చేయించండి. నేను చెల్లి ఇంట్లో ఉన్నాను. వాళ్ళ కొత్త పోర్టికో కప్పుకి సెంట్రింగ్ విప్పడానికి మనుషులొచ్చారు. చిన్నదే గాని ఎంత ముచ్చటగా కుదిరిందో. సాయంత్రం నాన్నని తీసుకుని ఇటే వచ్చెయ్యండి, దాని కింద కూర్చుని టీ తాగుదాం. దారిలో మా మరిదితో మాత్రం పోట్లాట పెట్టుకోకండి."

"వాడితో ఎవరు పోట్లాడతారు?"

"మీరే," అని ఆవిడ పెట్టేసింది. సాయంత్రానికి నాన్న ఎక్కడుంటాడో ఆవిడకు తెలియదు. చెప్పే ధైర్యం ఇద్దరల్లుళ్ళలో ఒక్కడికీ లేకపోయింది.

డిటెక్టివ్ మెట్టు ముక్కను వెలుగులోకి తిప్పాడు. బూడిదరంగు మధ్యలో తెల్లటి మచ్చలు. ఒక మచ్చను గోటితో గీకితే సబ్బులా లేచివచ్చింది. దాన్ని గ్లాసు అడుగున మిగిలిన టీలో వేసి చెంచాతో తిప్పాడు. క్షణంలో ముద్దయిపోయింది.

"ఇది రాయి కాదు మావయ్యా. గోడలకీ పైకప్పులకీ పూసే జిప్సం. ఇది కాంక్రీటులో పడితే లోపల్నుంచి తినేస్తుందని నాకు చెప్పింది మీరే. బెల్టు మీద ఒక్క తెల్ల పెళ్ళ దాటిపోతే ఇల్లెక్కి అరిచేది మీరే. ఇలాంటి సరుకంతా రోడ్డు గుట్టలోకి పోతుంది, గుంతలు పూడ్చటానికి. అవునా, కాదా?"

"అవును."

"మీరు చెప్పింది కట్టుబడి గుట్ట. మెట్లలోకి వెళ్ళింది రోడ్డు గుట్ట. మధ్యలో ఎవరి పొరపాటో ఉంది. ఎవరిని వెనకేసుకొస్తున్నారు మీరు?"

"టీలో మట్టి కలిపేశారు. ఇంకో గ్లాసు తెప్పించనా?" అన్నారు మావగారు.

ఇక ఈయన నోరు మెదపడని తెలిసిపోయింది. డిటెక్టివ్ లేచి యార్డులోకి నడిచాడు.

క్రషర్ ఆగి ఉంది. లోడర్ డ్రైవరు తన బండి నీడలో కూర్చుని, సగం తిన్న అన్నం డబ్బా మూతపెట్టి, దాని వంకే చూస్తున్నాడు. డిటెక్టివ్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"పెద్దాయన ఏమీ చెప్పొద్దన్నారు సార్."

"ఏ సంగతి చెప్పొద్దన్నారు?"

"అదే సార్, అదే చెప్పొద్దన్నారు."

"మంచిది, చెప్పకు. సాయంత్రం పెద్దాయన జీపెక్కుతారు. కళ్ళకి చుక్కలు కూడా సొంతంగా వేసుకోలేని మనిషి. నువ్వు ఇక్కడ నిలబడి చూస్తూ ఉండు."

అంతే, డ్రైవరు నిలువునా నీరైపోయాడు. "నా కోసమే ఆయన తప్పంతా తన మీద వేసుకుంటున్నారనిపిస్తోంది సార్. పొద్దున్న కానిస్టేబులుకి చెప్పిందే మీకూ చెబుతా. ఆయన కుళాయి పక్క గుట్ట అన్నారు, నేను కుళాయి పక్క గుట్టలోంచే ఎత్తాను. పాత డ్రైవరు కూతురి కాన్పుకి వెళ్తే నేను అప్పుడే చేరాను. ఏ గుట్ట ఏదో ఒక్క బోర్డు ఉందా సార్ ఇక్కడ?"

ఆ మాట నిజం. బోర్డు పెట్టమని డిటెక్టివ్ ఎన్నోసార్లు పోరాడు. రాయి మొహం చూస్తే తెలీదా, దానికి బోర్డెందుకు అని మావగారు నవ్వేసేవారు. యార్డులో అందరూ కట్టుబడి గుట్టను కుళాయి పక్కది, రోడ్డు గుట్టను షెడ్డు పక్కది అనే పిలుచుకునేవారు. అలాగే నడిచిపోయింది.

"ఎక్కణ్ణుంచి ఎత్తావో చూపించు."

డ్రైవరు ముందు నడిచాడు. యార్డు చివరికి వెళ్తాడనుకుంటే షెడ్డు వైపు తిరిగాడు. మావగారు కూర్చున్న గది కిటికీ పక్కనే ఆగి, చెయ్యి చాపాడు.

"ఇదే సార్."

అక్కడ గుట్ట ఉంది. దాని పక్కన కుళాయి ఉంది.

డిటెక్టివ్ గొంతుకూర్చున్నాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. గుట్టలో చెయ్యి పెడితే వేళ్ళకు తెల్లటి పొడి అంటింది. సందేహం లేదు, రోడ్డు గుట్టే. కుళాయి గొట్టం కొత్తగా మెరుస్తోంది. దాని మొదట్లో పూసిన సిమెంటు ఇంకా రంగు తిరగలేదు, మీద పిల్లి అడుగులు రెండు అచ్చుపడి ఉన్నాయి. అతను లేచి యార్డు ఆ చివరిదాకా నడిచాడు.

ఆ చివర కట్టుబడి గుట్ట శుభ్రంగా, ఒక్క తెల్ల మచ్చ లేకుండా ఉంది. ఈ రాయికి పాత సిమెంటు అంటుకుని ఉంటుంది కాబట్టి దాహం ఎక్కువ. ముందురోజే తడిపి పెట్టకపోతే కొత్త కాంక్రీటులో నీళ్ళన్నీ తాగేస్తుంది. అందుకే మావగారు యార్డు పెట్టినప్పుడే కుళాయి ఇక్కడ వేయించారు. ఇప్పుడు ఆ చోట పచ్చగా నాచు పట్టిన గుండ్రటి నేల, మూత బిగించిన గొట్టం ముక్క ఉన్నాయి. ఎవరూ గుట్టలు మార్చలేదు, ఎవరూ మాట మార్చలేదు. కుళాయి ఒక్కటే ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళింది.

"దీన్ని ఎవరు మార్చారు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"చిన్నల్లుడుగారు సార్. నేను పనిలో చేరిన మొదటి రోజే. పెద్దాయన ఆస్పత్రిలో ఉన్నారు. సెలవు పెట్టి, ప్లంబర్ని వెంటపెట్టుకొచ్చి, చొక్కా విప్పి తనే కాలవ తవ్వారు. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు, అస్తమానం ఆ చివరికి నడవలేకపోతున్నారు, షెడ్డు పక్కనుంటే కూర్చున్నచోటినుంచే తిప్పుకుంటారు, నీళ్ళు పైపులో అంత దూరం అవే పోతాయి అన్నారు. పెద్దాయన వచ్చి చూసి సంబరపడాలి, ముందే ఎవరూ నోరు జారొద్దన్నారు సార్."

దొంగను పట్టుకోవడం డిటెక్టివ్‌కు కొట్టిన పిండి. ప్రేమతో చేసిన పనిని పట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలో ఇన్నేళ్ళ వృత్తిలో ఎవరూ నేర్పలేదు. తోడల్లుడి మీద జీవితంలో మొదటిసారి జాలి వేసింది, అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

గదిలోకి తిరిగొచ్చి తలుపు చేరవేశాడు.

"కుళాయి చూశాను మావయ్యా."

మావగారు కట్టుకున్న చేతులు విప్పేశారు. "ఆపరేషనయ్యాక దుమ్ములోకి వెళ్ళొద్దన్నారని ఇన్నాళ్ళూ యార్డు మొహం చూడలేదు. మెట్లు కూలాయనగానే పరుగెత్తుకొచ్చాను. గేటు దాటి లోపలికి రాగానే ఎదురుగా అది కనపడింది. అంతా తెలిసిపోయింది. కాసేపు దాని పక్కనే కూర్చుండిపోయాను."

"మరి చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయిన కుర్రాడు. మన ఇంటికొచ్చాకే ఒకరిని నాన్నలా చూసుకోవడం మొదలుపెట్టాడు. పైకి ఆ మీసాలూ ఆ గొంతూ గాని, లోపలంతా వెన్న. తను ముచ్చటపడి పెట్టిన కుళాయివల్ల ఒక మనిషి కాలు విరిగిందంటే మళ్ళీ ఎవరికీ చిన్న మంచి కూడా చెయ్యడు. భయం పట్టుకుంటుంది."

"ఆ మేస్త్రి కాలు?"

"పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి చూసొచ్చాను. నడుస్తాడన్నారు. నడిచేదాకా ఆయనింటి ఖర్చంతా నాది. అది వేరే సంగతి."

"మరి మీ రాయి? మీరిలా తలొంచుకుని జీపెక్కితే ఇక ఈ రాయిని ఎవడూ ముట్టుకోడు. మంచి గుట్ట అక్కడ మహారాజులా కూర్చుని ఉంటే, పాత కాంక్రీటు పనికిరాదని లోకమంతా చాటింపు వేస్తారు. ఇన్నేళ్ళు దేనికోసం గొంతు చించుకున్నారు?"

"రాయికి మనసు లేదు అల్లుడుగారూ," అన్నారు మావగారు. "ఆ కుర్రాడికుంది."

డిటెక్టివ్ కోపంగా అటు తిరిగాడు. కళ్ళు చెమ్మగిల్లితే అతను అలాగే తిరుగుతాడు. "నాకోసమైతే ఇలా జైలుకెళ్ళేవారా?" అని గోడను అడిగాడు.

"మీ సాంబారు రెండుసార్లు తిన్నాను కదండీ."

బయట జీపు ఆగింది. చెప్పులైనా బూట్లైనా సరే నేల అదిరేలా నడవడం చిన్నల్లుడి అలవాటు. తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒక చేతిలో సీలు సంచీ, ఇంకో చేతిలో చిన్న గుడ్డ సంచీ. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం భూతద్దం అన్నయ్యా, ఏమన్నా దొరికిందా? లేక ఎప్పట్లాగే పిల్లి వెంట్రుకలా?"

"నీ లాఠీకి దొరకనివన్నీ దొరుకుతాయి తమ్ముడూ. ఆ రెండో సంచీలో ఏముంది?"

ఇన్‌స్పెక్టరు దాన్ని వెనక్కి దాచబోయాడు. డిటెక్టివ్ లాక్కుని చూశాడు. మెత్తటి దిండు, కంటి చుక్కల సీసా, వేళలు రాసి అంటించిన మాత్రల డబ్బా.

"స్టేషన్లో దిళ్ళు బాగోవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎవరి మొహమూ చూడకుండా. "ఇంకొకడి చేత మావయ్య మీద చెయ్యి వేయించలేను, అందుకే నేనొచ్చాను. అన్నయ్యా, నిజంగా ఏదన్నా ఉంటే ఇప్పుడు చెప్పు. నీకు దండం పెడతా."

అతని నోట ఆ మాట రావడం డిటెక్టివ్ ఎన్నడూ వినలేదు. గెలిచిన సంతోషం మాత్రం రవ్వంత కూడా కలగలేదు.

"డ్రైవరు పొరపాటు," అన్నాడు. "కొత్తవాడు. గుట్టలు తెలీక ఒకదానికి బదులు ఇంకోటి ఎత్తాడు. రాయి తప్పు లేదు, మావయ్య తప్పు లేదు. అలాగే నమోదు చేసుకో."

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు "నేనా సార్?" అన్నాడు పాపం.

"కాదు, నా తప్పే," అన్నారు మావగారు వెంటనే.

ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ పరీక్షగా చూశాడు. మీసాలు చూసి మనిషిని తక్కువ అంచనా వెయ్యకూడదు. అతనూ ఆ వృత్తిలోనే జుట్టు నెరిసినవాడు.

"అన్నయ్యా, నువ్వు అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటావు. ఇప్పుడు గోక్కున్నావు. మావయ్య గోళ్ళు చూసుకుంటున్నారు. ఎప్పుడూ మాట కలవని ఇద్దరూ ఒకేసారి అబద్ధమాడుతున్నారు. పైగా ఇంత చిన్న గదిలో ఇద్దరూ ఆ కిటికీ వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతున్నారు. ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు, నువ్వు కూర్చో," అన్నాడు డిటెక్టివ్, అడ్డం నిలబడి.

"జరుగు అన్నయ్యా."

"జరగను."

తోడల్లుళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు తోసుకున్నారు. ఇన్‌స్పెక్టరే గెలిచాడు. కిటికీ రెక్క తెరిచి బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కుళాయి పక్క గుట్టలోంచి ఎత్తాను అని డ్రైవరు కానిస్టేబులుకి చెప్పాడు," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "పొద్దున చదివాను. చదివి ఊరుకున్నాను." టోపీ తీసి బల్లమీద, మెట్టు ముక్క పక్కన పెట్టాడు. "ఇది నేను పెట్టిన కుళాయి కదా మావయ్యా."

మావగారు గబగబా లేచి అతని తల దగ్గరికి తీసుకున్నారు. "బోర్డు పెట్టనిది నేను బాబూ. ఎన్నిసార్లు చెప్పినా విననిది నేను. నా మోకాళ్ళ గురించి ఆలోచించావు, అంతే. దానికి ఎవరన్నా ఏడుస్తారా?" పెళ్ళినాటినుంచీ మీరు అని మన్నించిన అల్లుణ్ణి ఆయన నువ్వు అనడం అదే మొదటిసారి.

"సీలు వెయ్యక్కర్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు ముక్కు తుడుచుకుంటూ. "జరిగింది జరిగినట్టే రాస్తాను. మంచి గుట్ట మంచిదే, పొరపాటు కుళాయిది అని. నా పేరుతో సహా."

డిటెక్టివ్ తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. వేశాడే గాని మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఏ కేసులోనైనా చివర అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది, అది ఇంకా అడగలేదు. డ్రైవరు వైపు తిరిగాడు.

"ఆ గుట్టలోంచి ఎత్తిన రాయి మెట్లకి కాక ఇంకెక్కడికన్నా వెళ్ళిందా?"

"లేదు సార్, అంతా మెట్లకే. మెట్లు పోసేశాక కలిపిన కాంక్రీటు మాలు కొంచెం మిగిలింది. మిగిలింది పారబొయ్యకూడదు, ఎక్కడోచోట వాడాలి అని పెద్దాయన రూలు కదా సార్. అందుకని అదే బండిలో చిన్నమ్మగారింటికి పంపారు. పోర్టికోకి."

మావగారు గుమ్మం దగ్గరికి వచ్చేశారు.

"అది బడి స్తంభాలకి కలిపిన మాలు కదరా," అన్నారు మావగారు.

"స్తంభాలప్పుడు ఏం మిగల్లేదండీ. మెట్లప్పుడే మిగిలింది."

ఇన్‌స్పెక్టరు టోపీ మర్చిపోయి పరుగెత్తాడు. డిటెక్టివ్ ఫోను తీసి నంబరు నొక్కుతూ వెనకాలే పడ్డాడు. ఇద్దరూ జీపు దగ్గరికి చేరేసరికి, నాలుగడుగులు నడవలేడని ఎవరికోసం కుళాయి మార్చారో ఆ మనిషి అప్పటికే ముందు సీట్లో ఎక్కి కూర్చుని, తలుపు చేత్తో బాదుతున్నారు.

జీపు గేటు దాటాక అవతల ఫోను ఎత్తారు. ముందు సుత్తి దెబ్బలు వినిపించాయి.

"వినపడుతోందా? ఇద్దరూ బయటికి వచ్చెయ్యండి," అన్నాడు డిటెక్టివ్. "పోర్టికో కిందనుంచి వచ్చెయ్యండి. ఆ పని ఆపమను."

"ఆగండి, ఒక్క ముక్క వినపడటం లేదు, వీళ్ళు ఆఖరి గుంజలు కొడుతున్నారు," అంది భార్య నవ్వుతూ. తర్వాత ఫోను కాస్త పక్కకి జరిపి, ఎంతో ప్రేమగా అనడం వినిపించింది. "చెల్లీ, నీ మీద ఎండ పడుతోందే. కుర్చీ ఇంకాస్త లోపలికి జరుపుకో."